పన్నెండో సాక్షి కావలెను

మా ఐన్ జర్కా సమితిలో అభివృద్ధి ఒక మనిషి తక్కువై ఆగిపోయిందని తెలియజేయడానికి విచారిస్తున్నాం. డబ్బు తక్కువై ఆగలేదు, స్థలం తక్కువై ఆగలేదు. అనుమతులు తక్కువయ్యే ప్రశ్నే లేదు. అవి పనికంటే ముందే వచ్చాయి, కొన్నయితే దరఖాస్తుకంటే కూడా ముందే వచ్చాయి. ఒక్క మనిషి తక్కువ. అంతే.

మా వైపు పొలాల్లో సగానికి కాగితాలు లేవు. కాగితం లేని పొలం ఎవరిదో తేల్చాలంటే ఒక పద్ధతుంది. పన్నెండుమంది మగవాళ్లు బజారుకు వెళ్లి, దస్తావేజు లేఖరులిద్దరి ముందు నిలబడి, "ఈ పొలం ఫలానావారి చేతిలో ఉంది, పదేళ్లకు పైగా వారే దున్నుకుంటున్నారు, అడ్డుచెప్పినవాడు లేడు, మేము నిండా ఎరుగుదుము" అని చెప్పాలి. పదకొండుమంది చెబితే అది పుకారు. పన్నెండోవాడు నోరు విప్పగానే సత్యమైపోతుంది. ఆడవాళ్లను మా ఊళ్లో దీనికి పిలవరు. రోజంతా పొలాల్లోనే ఉంటారు కాబట్టి వాళ్లు చూసినది ఎక్కువ. ఎక్కువ చూసినవాళ్ల సాక్ష్యం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

మా పన్నెండుమంది పెట్రోలు బంకు పక్కనున్న కాఫీ కొట్టులో, గోడకు ఆనించిన పన్నెండు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. చాలా నమ్మకస్తులు. సాక్ష్యానికి కూలి తీసుకోరు. కూలి తీసుకుంటే అది దొంగ సాక్ష్యం అవుతుంది. అందుకని నీలి కాగితం చుట్టిన చక్కెర దిమ్మ తీసుకుంటారు. ఇప్పటిదాకా వాళ్లు సాక్ష్యం చెప్పిన భూమినంతా కూడితే మా సమితి విస్తీర్ణానికి ఒకటిన్నర రెట్లు తేలింది. పైనుంచి వచ్చిన సర్వేయరు ఒకాయన ఈ సంగతి పట్టుకుని అడిగితే, మా సమితి అధ్యక్షులు హాజ్ బూష్తా గారు ఏమాత్రం తొణక్కుండా, "చూశారా, మా హయాంలో సమితి ఎంత పెరిగిందో" అన్నారు. సర్వేయరు రాసుకుని వెళ్లాడు.

ఇలా పెరుగుతున్న సమితికి కాసాబ్లాంకా నుంచి ఒక కంపెనీ వచ్చింది. 'అచ్చమైన పల్లె అనుభవ కేంద్రం' కడతామంది. పట్నం కుటుంబాలు కార్లలో వస్తాయి, చేత్తో బార్లీ కోస్తాయి, కళ్లంలో కంచరగాడిదల్ని తిప్పి నూరుస్తాయి, మట్టిపొయ్యి మీద రొట్టె కాల్చుకుని ఫొటోలు దిగుతాయి, చీకటి పడేసరికి ఏసీ గదుల్లో పడుకుంటాయి. దీనికి మంచి బార్లీ పొలం, రాళ్లు పరిచిన కళ్లం, నీళ్లున్న బావి ఒకేచోట కావాలి. అలాంటి పొలం మా సమితిలో ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ ఇదివరకే అభివృద్ధి అయిపోయాయి.

ఆ ఒక్కటీ తామూ పిన్నిది. మొగుడు పోయి చాలా కాలమైంది. బావి ఆమె మామగారు తవ్వించాడు, కళ్లంలో రాళ్లు మొగుడు పరిచాడు, దున్నేది ఆమె. కాగితం లేదు. ఎందుకు లేదంటే, ఆ పొలం ఎవరిదని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడిగారు. అడగ్గానే జవాబు కూడా దొరికింది. ఆ పొలం హాజ్ బూష్తా గారి బావమరిది సీ మక్కీదట. అతనికి టాంజియర్‌లో కర్టెన్ల కొట్టుంది. పదేళ్లకు పైగా ఐన్ జర్కాలో బార్లీ పండిస్తున్నట్టు అతనికే మొన్న ఫోన్లో తెలిసింది. చాలా సంతోషించాడని విన్నాం.

సంతలో డేరా వేసి హాజ్ గారు ప్రజలకు విషయం వివరించారు. ఆ ఉపన్యాసం మా పిల్లల చేత కంఠస్థం చేయించదగింది.

"సోదరులారా, ఇన్నాళ్లూ మన పల్లెల్లో పల్లె జీవితం ఎలా నడిచింది? ఉచితంగా నడిచింది. అడ్డదిడ్డంగా, ఒక పద్ధతీ శిక్షణా లేనివాళ్ల చేతుల్లో నడిచింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు కోశారు, ఎవరికి తోచినట్టు వాళ్లు నూర్చారు. టిక్కెట్టు లేదు, టైముల బోర్డు లేదు. ఇకమీదట నిపుణులు నడుపుతారు. మా చెల్లెలివంటి తామూకు అన్యాయం జరగనివ్వను. అదే పొలంలో ఆమెకు పల్లెటూరి ఆడమనిషిగా ఉద్యోగం ఇప్పిస్తాను. రంగురంగుల బట్టలు కంపెనీవాళ్లే ఇస్తారు. ఇంటర్వ్యూ ఒక్కటి ఉంటుంది."

ఇంటర్వ్యూ జరిగింది. టై కట్టుకున్న కుర్రాడు ఆమెను ఎగాదిగా చూసి, చూడ్డానికి అంత పల్లెటూరిదానిలా లేదని తేల్చాడు. కాళ్లకు ప్లాస్టిక్ బూట్లున్నాయి, పైగా ఫోను కూడా వాడుతోంది. అయినా పెద్దమనసుతో, కొంత శిక్షణ ఇస్తే పనికిరావచ్చని రాసుకున్నాడు.

ఇక మిగిలింది సాక్ష్యం. మా పన్నెండుమందికి ఆ పొలం సంగతి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఏటా ఆ పొలం కోసేది వాళ్లే. ఊరంతా కలిసి ఒకరికి కూలి లేకుండా కోసిపెట్టే ఆచారం మాకుంది. తువీజా అంటాం. ఆమె ఒంటరిది కాబట్టి మొదటి తువీజా ఆమెకే. ఏ గట్టు పక్క ముళ్లున్నాయో, ఏ మూల తేళ్లున్నాయో, బావి గిలక ఏ పక్క కిర్రుమంటుందో పన్నెండుమందికీ తెలుసు. అందుకే సీ మక్కీ తరఫున వాళ్ల సాక్ష్యానికి అంత విలువ.

బజారుకు వెళ్లే ముందురోజు తామూ పిన్ని కాఫీ కొట్టుకు వచ్చింది. మా ఆడవాళ్లు అక్కడికి రారు. ఆమె వచ్చి, గుమ్మంలోనే నిలబడి, షర్కీని పిలిచింది. షర్కీ పన్నెండుమందిలో అందరికంటే చిన్నవాడు; పెళ్లయి పిల్లలున్నవాడే.

"ఏరా షర్కీ, పోయిన వేసవిలో నా కళ్లంలో నీ గాడిద కడుపు పగిలేట్టు మేసింది. ఎవరి గింజల్రా అవి?"

"నీవే పిన్నీ."

"మరి రేపు ఎవరివని చెప్తావు?"

"సీ మక్కీవి."

"సిగ్గేమన్నా ఉందట్రా?"

"పిన్నీ, ఇప్పుడు నీతో అన్నది మాట. రేపు చెప్పేది సాక్ష్యం. రెండూ కలిపేస్తే ఎట్లా? చదువు లేనిదానివి, నీకు చెప్పినా ఎక్కదు."

"నీకెంతదాకా వచ్చిందిరా చదువు?"

"వేలిముద్ర దాకా."

కొట్టంతా నవ్వింది. తామూ పిన్ని నవ్వలేదు. కుర్చీల వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, "గింజలు తిన్న గాడిదే నయం, అది ఇంకా నా గుమ్మం ముందు ఆగుతుంది" అని వెళ్లిపోయింది. చివరి కుర్చీలో లమ్‌ఫద్దల్ మామ మాత్రం గ్లాసులో పుదీనా ఆకును వేలితో ముంచుతూ కూర్చున్నాడు. ఆయన అందరిలోకీ పెద్దవాడు. ఆయన సాక్ష్యం చెప్పని పొలం, పెళ్లి, పుట్టుక మా సమితిలో లేవు.

మర్నాడు శుక్రవారం. ప్రతి శుక్రవారం తామూ పిన్ని ఇంటినుంచి పెద్ద పళ్లెం నిండా బార్లీ రవ్వ ఆవిరి మీద ఉడికించిన కుస్కుస్ మసీదుకు వెళ్తుంది, నమాజు నుంచి వచ్చినవాళ్ల కోసం. ఆ శుక్రవారం పళ్లెం కాఫీ కొట్టుకు వచ్చింది. కోపంతో పంపిందో, అలవాటుకొద్దీ పంపిందో తెలియదు. పైన గుమ్మడికాయ, ముల్లంగి, అడుగున మాంసం, అన్నీ ఉన్నాయి. పన్నెండుమందీ చుట్టూ కూర్చుని వేళ్లు నాకేదాకా తిన్నారు. "ఏమన్నా అను, తామూ పిన్ని పొలం బార్లీకున్న రుచి ఎక్కడా రాదు" అని అందరూ ఒప్పుకున్నారు. చేతులు కడుక్కున్నారు. సీ మక్కీ పొలానికి సాక్ష్యం చెప్పడానికి వ్యాను ఎక్కారు.

లమ్‌ఫద్దల్ మామ ఎక్కలేదు.

"రా మామా, లేఖరులు ఎదురుచూస్తుంటారు" అన్నాడు షర్కీ.

"నేను రాలేను రా. అరగలేదు."

"కుస్కుస్సా? కాస్త జీలకర్ర నములు."

"కుస్కుస్ ఎప్పుడో అరిగింది. అక్కడ చెప్పబోయేది అరగడం లేదు. వయసులో ఉన్నప్పుడు ఏదైనా అరిగేది. మీ నాన్న పెరడు మీ చిన్నాన్నదని చెప్పొచ్చిన రోజు, సాయంత్రానికి మళ్లీ ఆకలేసింది నాకు. ఇప్పుడు కడుపు మాట వినడం లేదు."

పెరడు సంగతి షర్కీ మొదటిసారి వినడం. అయినా, కిటికీ పక్క సీటు పోతుందని వ్యాను ఎక్కాడు.

హాజ్ గారు విషయం తెలిసిన వెంటనే అంబులెన్సు పంపారు. మా ఊళ్లో కాన్పులకు రాని అంబులెన్సు, తామూ పిన్ని మొగుడు గుండె పట్టుకుని పడిపోయిన రోజున టైరు లేదన్న అంబులెన్సు, పావుగంటలో వచ్చి నిలబడింది. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు. ఈ వయసులో ఇలాంటివి అప్పుడప్పుడూ వస్తుంటాయి, కంగారుపడొద్దు, అంటువ్యాధి కాదు అని ధైర్యం చెప్పాడు. ఆయన అన్నట్టే మిగతా పదకొండుమందిలో ఒక్కరికీ అంటలేదు.

పదకొండుమందినీ చూసి లేఖరులు కలాలకు మూతలు పెట్టారు. ధర్మం ధర్మమే, పన్నెండోవాడిని తీసుకురండి అన్నారు.

వెతుకులాట మొదలైంది. మసీదు ఇమామును అడిగితే, తనకు స్వర్గం దారి తెలుసు గాని పొలం గట్లు తెలియవని తప్పుకున్నాడు. పోస్టుమాన్ సిద్ధపడ్డాడు, కాని అలవాటుకొద్దీ పొలం ఉత్తరాలు ఎవరి పేరున వస్తాయో చెప్పేశాడు. బడి టీచరు మీద చాలా ఆశ పెట్టుకున్నాం. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. తీరా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాక ఆయనకొక జబ్బుందని బయటపడింది. ప్రశ్నలు అడుగుతాడు. "మరి ఆ పొలంలో ఉన్న బార్లీ మోళ్లు ఎవరివండీ?" అన్నాడు. మర్యాదగా పంపించేశాం. శ్మశానంలో అర్హులు బోలెడుమంది ఉన్నారు గాని, లేఖరులు గుర్తింపు కార్డు అడుగుతారు.

ఇంతలో ఊరికి వచ్చిన కష్టం అంతా ఇంతా కాదు. పన్నెండుమంది లేక మా సమితిలో సత్యం తయారీ మొత్తానికే నిలిచిపోయింది. ఒకడికి పెళ్లయినట్టు రుజువు లేక పెళ్లాం పుట్టింట్లో ఉండిపోయింది. ఇంకొకడు ఫలానా ఊళ్లో పుట్టినట్టు రుజువు లేక సైన్యంలో చేరలేకపోయాడు. హాజ్ గారి కొత్త మేడ ఎవరి స్థలంలో ఉందో కొన్ని వారాలపాటు ఎవరికీ తెలియలేదు. తామూ పిన్ని తనంతట తాను పొలం వదిలేస్తే లమ్‌ఫద్దల్ మామకు మళ్లీ అరుగుతుందని, జనం ఆమె ఇంటికి బారులు తీరి బతిమాలారు. ఊరంతా అనరాని మాటలేం అనలేదు. "పిన్నీ, నీ ఒక్క పొలం కోసం ఊరంతా అబద్ధమైపోవాలా?" అని మాత్రం అడిగారు.

ఆమె ఆకాశం చూస్తోంది. తొలివాన పడింది. ఆమెకున్నది ఒక్క కంచరగాడిద. కాడికి రెండోది కావాలి. షర్కీ ఇంటికి వెళ్లింది.

"గాడిదనిస్తావట్రా?"

"తీసుకెళ్లు పిన్నీ. సాక్ష్యం వేరు, గాడిద వేరు."

షర్కీ గాడిదే గనక మనిషైతే పన్నెండోవాడి కోసం వెతికే ఇబ్బందే ఉండేది కాదు. కాని తామూ పిన్ని తరఫు సాక్షి అయ్యేది. అది చాళ్లు ఎక్కడ మొదలవుతాయో ఎవరూ చెప్పకుండానే వెళ్లి నిలబడింది. పిన్ని దున్నింది, విత్తింది. గట్టు మీద కూర్చుని షర్కీ అన్నాడు:

"ఎందుకు పిన్నీ ఈ శ్రమ? ఇవాళో రేపో పన్నెండోవాడు దొరుకుతాడు. దొరికిన మర్నాడే యంత్రాలొస్తాయి."

"వాడు దొరికేలోగా మొలకొస్తే చాల్రా. పచ్చటి పొలంలో నిలబడి ఇది తామూది కాదని అనమను, చూస్తాను."

"అంటారు పిన్నీ."

"అంటారు. తెలుసు. తెలిసే విత్తుతున్నా."

ఇప్పుడు మొలక వేలెడు ఎత్తు లేచింది. లమ్‌ఫద్దల్ మామ పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చుని పిట్టల్ని తోలుతున్నాడు. ఆరోగ్యం ఇంకా కుదుటపడలేదు. కంపెనీ యంత్రాలు పెట్రోలు బంకు దగ్గర వరసగా నిలబడి ఉన్నాయి. కాఫీ కొట్టులో పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండోది ఖాళీ. అది ఖాళీగా ఉన్నన్నాళ్లు పొలం తామూ పిన్నిది.

అందుకే ఈ ప్రకటన.

అర్హతలు పెద్దగా ఏమీ లేవు. పొలాన్ని నిండా ఎరిగి ఉండాలి. మీరు ఎరుగుదురు. బావి ఎవరు తవ్వించారో, కళ్లంలో రాళ్లు ఎవరు పరిచారో, ఎవరి గాడిద ఎవరి గింజలు మేసిందో అన్నీ మీకు తెలుసు. పదేళ్ల ఎరుక కావాలంటే, మీకు పదేళ్లుగా తెలుసని మిగతా పదకొండుమందీ చెబుతారు. మీరు ఆడవారైనా ఇబ్బంది లేదు. మా ఉన్ని అంగీలకు ముఖం కప్పేంత టోపీ ఉంటుంది. అసలైన అర్హత ఇంకొకటుంది, అది మీలో పుష్కలంగా కనిపించింది. మొదటినుంచీ ఇదంతా చూస్తూనే ఉన్నారు, ఒక్కసారైనా అడ్డుచెప్పలేదు. టీచరు జబ్బు మీకు లేదు. మీ ఊళ్లో చెరువు ప్లాట్లయినప్పుడు, శ్మశానం షాపులైనప్పుడు కూడా మీరు ఇంతే నెమ్మదిగా ఉన్నారని వాకబు చేసి తెలుసుకున్నాం.

రండి. కుర్చీ తుడిచి ఉంచాం. చక్కెర దిమ్మ నీలి కాగితంలో సిద్ధంగా ఉంది. శుక్రవారం వస్తే దారిలో తామూ పిన్ని ఎదురై, ఎవరో ఏమిటో అడక్కుండానే తినిపొమ్మంటుంది. మొహమాటపడకుండా కడుపునిండా తినండి. మీ జీర్ణశక్తి గురించి మాకు ఏ సందేహమూ లేదు.