బత్తూల్ ఇంటి గులాబీ నడికట్టు

ఆ ఉదయం బత్తూల్ వేసుకున్న పథకం చాలా సులువు. తన మేనకోడలి పెళ్లికని అరువు తీసుకెళ్లిన పట్టు నడికట్టును పొరుగింటి రఖియా తిరిగి తెస్తుంది. మధ్యాహ్నం దాన్ని కాబోయే కోడలు నుజా నడుముకు చుడతారు. మొరాకోలోని ఫెజ్ ఊరంతా కుళ్లుకుంటుంది. గులాబీ రంగు మీద బంగారు జరీ చుక్కలు, అత్తగారి నాటిది. మడత విప్పితే పాత జరీ విరుగుతుందని ఆవిడ చెప్పిన మాటను బత్తూల్ ఏనాడూ జవదాటలేదు.

రఖియా తెచ్చిన మూటలో ఆకుపచ్చ నడికట్టు ఉంది.

"ఇదేమిటే? మాది గులాబీది!"

"పెళ్లి హడావిడిలో నేను సరిగా చూడనే లేదు వదినా!"

"అయితే మీ వియ్యాలవారే మార్చేసుంటారు!"

గోడలకు చెవులుంటాయంటారు, ఆ సందులో గోడలకు నోళ్లు కూడా ఉన్నాయి. కాసేపటికే రఖియా వియ్యాలవారు ఇంటిల్లిపాదీ తమ నడికట్లు పట్టుకుని ఊడిపడ్డారు.

"మేం దొంగలమా? ఇవిగో, వెతుక్కోండి!"

నింద తమ మీదికి రాకుండా ఇరుగుపొరుగు వాళ్లు కూడా తమవి తెచ్చి పరిచారు. వాకిలి నిండిపోయింది. దారిన పోయే ఒకావిడ లోపలికొచ్చి బేరం మొదలుపెట్టింది. గడ్డం గీయించుకుని వచ్చిన పెళ్లికొడుకు, "అమ్మా, ఇది నా పెళ్లా, బట్టల సంతా?" అన్నాడు.

రఖియా ఏడుస్తూ వెళ్లి, అంచులు వెలిసిన తన పెళ్లినాటి నీలం నడికట్టు తెచ్చింది. "ఇది నీకే వదినా. నా పరువు నిలిస్తే చాలు."

బత్తూల్ మూతి ముడుచుకునే తీసుకుంది. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే తామూ అనే ఆవిడ వచ్చి, దాన్ని నుజా నడుముకు బిగించి చుట్టింది. ఆడవాళ్లంతా శుభమంటూ కూతలు పెట్టారు. అప్పుడు ఆవిడ చూపు మూలనున్న పచ్చదాని మీద పడింది.

"మీ అత్తగారిదాన్ని ఇక్కడ పడేశారేం?" అంటూ మడత విప్పి తిరగేసింది. గులాబీ రంగు, బంగారు చుక్కలు! "మడిచే తీరును బట్టి దీనికి నాలుగు ముఖాలమ్మా. మొన్న రఖియా మేనకోడలి పచ్చ అంగీకి నప్పేట్టు నేనే తిప్పి కట్టాను. ఇన్నేళ్లూ విప్పి చూడలేదా?"

వియ్యాలవారు ఒకేసారి బత్తూల్ వైపు తిరిగారు.

"సరే సరే, నుజాకి ఇదే కట్టు," అంది బత్తూల్ గొంతు తగ్గించి.

"కూతలు పెట్టాక విప్పడమా? అపశకునం! చచ్చినా విప్పను," అంది తామూ.

రఖియా కళ్లు తుడుచుకుంది. "పోనీలే వదినా, నాది నీ కోడలు కట్టుకుంది. మరి పెళ్లిలో నా నడుము బోసిగా ఉంటే నీకే నామర్దా కదా?"

పెళ్లిలో బత్తూల్ అత్తగారి నడికట్టును అందరూ మెచ్చుకున్నారు. రఖియా అందరికీ వినయంగా కృతజ్ఞతలు చెప్పింది.