పేజీ నంబరు లేని పెద్దాయన

మానవజాతి ఎప్పటినుంచో ఆలోచిస్తోందని ఎవరైనా అంటే నమ్మకండి. పేజీ నంబరు పడేదాకా అది ఆలోచన కిందికి రాదని మా ఆవిడ పనిచేసే విశ్వవిద్యాలయంలో పదోన్నతుల విభాగం ఏనాడో తేల్చేసింది.

మా ఆవిడ అక్కడ ఆఫ్రికన్ తత్వశాస్త్రం చెబుతుంది. ఒక నేల మనుషుల ఆలోచనను ఇంకో నేలవాళ్ల ఆలోచన పక్కన కూర్చోబెట్టి, కొట్టుకోకుండా వాదించుకోనివ్వడం ఆమె పని. (మా ఇంట్లో దాన్నే కాపురం అంటాం.) ఇరవై రెండేళ్ల సర్వీసు. రిటైరయ్యేలోగా ప్రొఫెసర్ అనిపించుకోవాలని ఆశ. మిగిలింది ఒక్క ఏడాది.

ఆమె రాసిన పుస్తకానికంతటికీ ఆధారం ఒక వడ్రంగి పెద్దాయన. వయసులో ఉండగా ఆ ఖండం నుంచి వచ్చి, మా వీధి చివర కుర్చీలు బాగుచేస్తూ స్థిరపడ్డాడు. వాళ్ల పెద్దలు తరతరాలుగా వాదించుకున్నవన్నీ ఆయనకు నోటికొచ్చు, నచ్చనిచోట వాళ్లనీ వదిలిపెట్టడు. కుర్చీ చేసినవాడిదీ కాదు, కూర్చున్నవాడిదీ కాదు, లేచి ఇంకొకరికి ఇచ్చినవాడిది అంటాడు. ఆ ఒక్క మాట మీద మా ఆవిడ నలభై పేజీలు రాసింది. రంపప్పొట్టు దులుపుకుంటూ పదకొండేళ్లు ఆయనతో వాదించింది.

పదోన్నతి దరఖాస్తు తిరిగొచ్చింది. మూలం వడ్రంగి అని రాసినచోట ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు ఖాళీగా ఉన్నాయట. మా ఆవిడ ఆయన పుట్టిన ఏడాది వేసి పంపింది. రెండో ముద్రణ ఉందా అంటూ మళ్లీ తిరిగొచ్చింది. (కొడుకున్నాడు గానీ, తండ్రి పోలికలు తక్కువ.)

చివరికి పెద్దాయనే చొక్కా ఇస్త్రీ చేయించుకుని బయల్దేరాడు. నాలుగంతస్తులు, లిఫ్టుకు సెలవు. మూలాధారాల పరిశీలనాధికారి ఆయన్ని ఎగాదిగా చూసి, జతపరచిన పత్రాల కింద నమోదు చేసుకున్నారు. గదిలో కుర్చీ ఒక్కటే, అందులో అధికారి ఉన్నారు. పెద్దాయన నిలబడే ఉన్నాడు.

"మీ మీద మాకేం అనుమానం లేదండీ," అన్నారు అధికారి. "కానీ బతికున్న మనిషి రేపు మాట మార్చొచ్చు. పుస్తకం మార్చదు."

"తప్పని తెలిస్తే మారుస్తాను బాబూ," అన్నాడు పెద్దాయన. "అందుకేగా బతికున్నది."

మూలం తన అస్థిరతను స్వయంగా ఒప్పుకున్నదని రాసుకుని, దరఖాస్తు తిరస్కరించారు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ, ఊగుతున్న ఆ కుర్చీ కాలు కింద చిన్న చెక్కముక్క పెట్టి వెళ్లాడు.

ఆ చలికాలం ఆయన పోయాడు. మా ఆవిడ మూడు రోజులు ఎవరితోనూ వాదించలేదు, నాతో కూడా. నాకు భయం వేసింది. మూసిన ఆ కొట్టు చూడలేక నేనూ వేరే వీధిలోంచి నడిచాను. మూలంలో మార్పేదైనా వస్తే పదిహేను రోజుల్లో తెలియజేయాలని నిబంధన. ఏడుస్తూనే తెలియజేసింది.

నెల తిరక్కుండా లేఖ వచ్చింది. మూలం మరణించినందున ఇకపై మాట మార్చే ప్రమాదం తొలగిందనీ, కనుక దానిని ప్రామాణికంగా గుర్తించి పదోన్నతి మంజూరు చేయడమైనదనీ రాశారు. ఈ విషయంలో మూలం సకాలంలో అందించిన సహకారానికి కృతజ్ఞతలు కూడా తెలిపారు.