దీవి మీద టవరు ఉండాల్సిందే

సముద్రం మధ్యలోని చిన్న చిన్న దీవుల్లో కూడా సెల్ టవర్లు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు ముందుగా ఒక నమస్కారం. వెటకారం చేస్తున్నానని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోండి, నాకేం నష్టం లేదు.

పాతరోజుల్లో ఉద్యోగి పడవెక్కి ఒడ్డు దాటాడంటే, సాయంత్రం దాకా వాడు ఉన్నాడో లేడో ఆఫీసుకు తెలిసేది కాదు. విచిత్రమేమిటంటే, వాడు లేకపోయినా ఆఫీసు నడిచేది. మనం లేకుండా కూడా పని జరుగుతుందని మనకే తెలిసిపోతే ఎంత అవమానం! టవరు వచ్చి మన పరువు నిలబెట్టింది.

ఇప్పుడు నీళ్లలో పడ్డవాడు కూడా ముందు మెయిల్ చూసుకుని, సార్‌కు జవాబిచ్చి, ఆ తర్వాత నింపాదిగా మునగవచ్చు. తిమింగలం మింగినా లోపల్నుంచే హాజరు వేయించుకోవచ్చు. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

మొన్న వేసవిలో మేమూ దీవులు చూడ్డానికి వెళ్లాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి, లైఫ్ జాకెట్ పొట్టకు పట్టక దాన్ని కండువాలా భుజాన వేసుకున్న మా మామగారు. రోజంతా ఒక పడవ, మూడు దీవులు. మూడో దీవికీ, దాని పక్కనున్న పిల్లదీవికీ మధ్య ఆటు సమయంలో ఒక ఇసుక దారి తేలుతుంది. అరగంట ఉండి మళ్లీ మునిగిపోతుంది. ఆ దారి మీద నడవడం కోసం మా అమ్మాయి నెల రోజులుగా క్యాలెండర్ మీద తేదీలు కొట్టేస్తోంది. అదీ ఎవరితో పడితే వాళ్లతో కాదు.

"అమ్మతో అయితే నేను రాను. నాన్నతోనే నడుస్తా" అని ముందే తేల్చి చెప్పింది.

మొదటి దీవిలో అది గవ్వలు ఏరుకుంది, నేను మెయిళ్లు ఏరుకున్నాను. రెండో దీవిలో రాళ్ల సందుల్లో నిలిచిన నీళ్లలో పీతపిల్లలున్నాయట. నేను చూడలేదు గానీ మామగారు చూశారు. ఒకటి ఆయన్ని కూడా చూసి బొటనవేలు పట్టుకుంది. ఆ కేక నాకు ఫోన్లో అవతలివాళ్లు చెప్పాక తెలిసింది.

మూడో దీవిలో దిగగానే పడవాయన చెయ్యెత్తి చూపించాడు.

"అదిగో సార్, దారి తేలింది. చెప్పులు ఇక్కడే వదిలేసి వెళ్లండి. ఆలస్యం చేస్తే నేనే చుట్టూ తిరిగొచ్చి మిమ్మల్ని ఎక్కించుకోవాలి."

ఒక చెప్పు విప్పాను. రెండోది విప్పేలోగా ఫోన్ మోగింది. వీడియో మీటింగ్!

"ఒక్క నిమిషం తల్లీ" అన్నాను. ఈ భూమ్మీద నాన్నల నిమిషం ఎంతసేపుంటుందో మీకు వేరే చెప్పాలా?

మీటింగులో చర్చనీయాంశం: ఉద్యోగులు సెలవులు సరిగా వాడుకోవడం లేదు, కారణాలేమిటి? నేను ఒంటికాలి చెప్పుతో ఇసుకలో నిలబడి పన్నెండు నిమిషాలు మాట్లాడాను. కుటుంబంతో గడపడం ఎంత అవసరమో నొక్కి చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం, "మీ వెనకాల ఆ సముద్రం బొమ్మ బాగుందండీ, నాక్కూడా పంపండి" అన్నాడు.

ఈలోగా మా ఆవిడ పిల్లను తీసుకుని పిల్లదీవికి నడిచి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి మా ఆవిడ నంబరుతో నాకు వీడియో కాల్ వచ్చింది. మీటింగు మధ్యలో ఎత్తుతామా? కట్ చేశాను. ఫోన్ తనంతట తానే మర్యాదగా జవాబు పంపింది: "మీటింగులో ఉన్నాను. తర్వాత మాట్లాడతాను."

తలెత్తి చూశాను. పట్టుమని నలభై అడుగుల దూరం కూడా లేదు. మా అమ్మాయి ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో నాకు చూపించడానికి పైకెత్తిన నక్షత్రచేప పట్టుకుని నిలబడి ఉంది. ఫోన్‌లో వచ్చింది చదువుకుంది. చెయ్యి మెల్లగా దించేసింది.

నా మీటింగు అయ్యేసరికి ఇసుక దారి లేదు. పడవాయన గొణుక్కుంటూ చుట్టూ తిరిగి వెళ్లి ఇద్దర్నీ ఎక్కించుకొచ్చాడు.

"ఏం దొరికిందమ్మా?" అని అడిగాను.

"నీళ్లలో వదిలేశాను నాన్నా" అని వెళ్లి తాతయ్య పక్కన కూర్చుంది.

అది అలిగినా బాగుండేది. అలగలేదు. నాకు ఏడుపొచ్చింది. కళ్లలో ఎండ పడిందని చెప్పుకున్నాను.

సోమవారం నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లాను. జీవితంలో మొదటిసారి గొంతు పెంచి, "సెలవులో ఉన్నవాణ్ని పిలవడం న్యాయమేనా సార్?" అని అడిగాను.

ఆయన నిజంగానే తెల్లబోయాడు. "ఆ రోజు ఇంకో ముగ్గురు కూడా సెలవులో ఉన్నారు కదండీ. వాళ్లనెవర్నీ పిలవలేదే. మిమ్మల్ని పిలవకపోతే మీరు బాధపడతారేమో అనుకున్నాను" అని ఫైలు తీసి, నా లీవ్ లెటర్ నా ముందు పెట్టాడు.

అక్షరాలు నావే. సంతకం పైన చివరి వాక్యం: "సెలవులో ఉన్నప్పటికీ ఏ క్షణమైనా ఫోన్లో అందుబాటులో ఉంటానని మనవి." అలా రాయమని నన్నెవరూ అడగలేదు. "ఏ క్షణమైనా" కింద స్కేలు పెట్టి మరీ గీత గీశాను.