ముందు బ్రాంచికి పేరు పెట్టండి

సక్రమమైన పేరు లేని బ్రాంచి, అంటే మార్పులు చేసిన ప్రోగ్రాం నకలు, ఒక్కటి కూడా ఇకమీదట అసలు ప్రోగ్రాం ఉండే మెయిన్ కోడ్ గడప తొక్కబోదని దీవుల ఆరోగ్య సేవల డైరెక్టర్ తోర్‌స్టెన్ వీక్‌హోల్మ్ గారు జూన్ చివరి శుక్రవారం, కాఫీ వేళ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. దాల్చినచెక్క బన్నులు అప్పుడే వచ్చాయి మరి.

ప్రోగ్రామర్ హెల్వీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమెకు పని ఉంది. అంబులెన్స్ పడవకు దారి చూపే ప్రోగ్రాంలో నోర్‌షేర్ దీవి రేవు ఇంకా పడమటి ఒడ్డునే ఉంది. ఆ రేవును మంచుగడ్డలు ఎత్తుకుపోయి మూడు నెలలైంది. కొత్తది తూర్పున కట్టారు. ఆ దీవిలో ఉండే సైమా అనే ఆవిడకు నెలలు నిండుతున్నాయి. మార్చవలసింది ఒకే ఒక్క లైను.

హెల్వీ లైను మార్చి, బ్రాంచికి ‘రేవు మరమ్మతు’ అని పేరు పెట్టింది. కంప్యూటర్ తిప్పికొట్టింది.

"మరమ్మతు అనకూడదు హెల్వీ," అన్నారు డైరెక్టర్ గారు ఎంతో ఓర్పుగా. "మన సిస్టంలో తప్పుల్లేవని మంత్రిగారు పేపర్లకి చెప్పారు. లేని తప్పుకి మరమ్మతేంటి?"

"మరేమనాలండీ?"

"అభివృద్ధి అనండి. ముందు శాఖ, తర్వాత సంవత్సరం, ఫైలు నంబరు. అన్నీ కలిపి నలభై అక్షరాలు దాటకూడదు."

పదకొండో ప్రయత్నంలో పేరు నెగ్గింది. ఇక ఇద్దరు అధికారులు సరేనంటే మెయిన్‌లో కలిసిపోతుంది. ఈలోగా వేసవి సెలవుల జూలై వచ్చింది. జూలైలో ఇక్కడ సంతకం చేసే అధికారి దొరికితే పేపర్లో ఫొటో వేస్తారు.

ఆ ఇద్దరిలో ఒకరైన డిప్యూటీ రైమో గారు సరస్సు ఒడ్డున, ఆవిరిగదిలో ఉండి ఫోనెత్తారు. "ఒంటిమీద గుడ్డ లేదమ్మా. ఈ స్థితిలో ప్రభుత్వ నిర్ణయం తీసుకోమంటావా?"

"అక్కడ ఆవిడకి నొప్పులొస్తేనో?"

"ఆగస్టు ఒకటికి వచ్చేస్తాను కదా! ఆ సంగతి ఆవిడకి చెప్పు."

తెర ఏం చూపినా తూర్పు రేవుకే పొమ్మని హెల్వీ పడవ నడిపే బోర్యెను బతిమాలింది.

"కళ్లు మూసుకుని వెళ్తాను ఆ దీవికి. కానీ తెర చూపని ఒడ్డుకి తిప్పితే ఇంజను ఆగిపోతుంది తల్లీ. మా భద్రత కోసమేనట."

హెల్వీకి ఒళ్లు మండిపోయింది. సైమా భర్త ఎస్కిల్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సరే, మా తిప్పలేవో మేం పడతాంలే," అన్నాడతను.

ఆగస్టు ఒకటిన అధికారులిద్దరూ ఎండకు కమిలిన ముఖాలతో వచ్చారు. గంటలో సరేనన్నారు. ఇన్ని మెట్లెక్కి వచ్చింది గనకే ఈ లైను మీద మచ్చ లేదని డైరెక్టర్ గారు ఉపన్యసించారు. ఈసారి హెల్వీ కూడా చప్పట్లు కొట్టింది. సంతోషం పట్టలేక ఎస్కిల్‌కు ఫోన్ చేసింది.

"అయిపోయింది ఎస్కిల్! ఇక పడవ తూర్పుకే వస్తుంది."



"తూర్పుకా? పడవ పడమటికే వస్తుందన్నావని దీవంతా కలిసి మూడ్రోజులు శ్రమదానం చేసి నిన్ననే పడమటి రేవు కట్టేశాం కదా!"

"అంత చెక్క ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, తూర్పు రేవు విప్పాం. ఉండు, సైమా పిలుస్తోంది... అయ్యో, నొప్పులు మొదలయ్యాయట!"

హెల్వీ వెంటనే లైను మళ్లీ పడమటికి మార్చి, కొత్త బ్రాంచికి పాత పద్ధతిలోనే పేరు పెట్టింది. ‘అభివృద్ధి’ ఈ రేవుకు ఒకసారి జరిగిపోయిందని, వేరే మాట ఎంచుకోమని కంప్యూటర్ కోరింది.