ముప్పై సెకన్ల మర్యాద

కంప్యూటర్ వెయ్యగానే, తనలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించి, ‘ఇందులో మీకేది కావాలండీ?’ అని అడగడం లోపమంటారు కొందరు. లోపం కాదు, మర్యాద! ఆ మాటకొస్తే ఈ రోజుల్లో మనిషిని నిలబెట్టి ఇష్టమేమిటని అడిగేవాళ్లెవరు?

సంగతి తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. కంప్యూటర్ నిద్ర లేవాలంటే లోపల విండోస్ లాంటిదొకటి ఉండాలి. కొందరు సరదాకో చదువుకో దాని పక్కన రెండోదాన్ని కూడా పెట్టుకుంటారు. కొన్నాళ్లకి రెండోది అక్కర్లేక తీసేస్తారు. మనిషి పోయినా ఇంటి ముందు పేరు పలక ఉండిపోయినట్టు, దాని పేరు మాత్రం ఉండిపోతుంది.

ఇక ఆ రోజు నుంచీ పొద్దున్నే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు పేర్లు ప్రత్యక్షమవుతాయి. కింద ముప్పై నుంచి వెనక్కి లెక్క నడుస్తుంది. మీరు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మొదటిది దానంతటదే మొదలవుతుంది. ధైర్యం చేసి రెండోది నొక్కారా, ఫలానా ఫైలు కనబడలేదు, వెనక్కి వెళ్లండి అంటుంది.

ఇందులో కొత్తేముంది? హోటల్ బోర్డు మీద పూరీ ఉంటుంది, అడిగితే అయిపోయిందంటారు. ఆఫీసు గోడకి సలహాల పెట్టె ఉంటుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇన్నిటితో కాపురం చేస్తున్నవాళ్లం, పాపం కంప్యూటర్‌ని మాత్రం ఎందుకు ఆడిపోసుకోవాలి?

ఈ మర్యాద విలువ మొదట కనిపెట్టిన మహానుభావుడు నగరేశ్వరరావుగారు. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్లే దారిలో ఆయనకి బట్టల కొట్టుంది. కొట్లో కంప్యూటరుంది. కంప్యూటర్ ముందు ఆయన కూతురు అర్చన ఉంటుంది. ఎచ్చెర్లలో ఎంసీఏ చదివే రోజుల్లో ఆ పిల్లే తన పాఠాల కోసం అందులో ఉబుంటు అనే రెండోదాన్ని పెట్టుకుంది.

చదువయ్యాక చీరల ఫోటోలకి చోటు చాలడం లేదని నగరేశ్వరరావుగారు కంప్యూటర్లు బాగుచేసే వెంకీని పిలిచి ఉబుంటుని తీయించేశారు. కూతురిని అడక్కుండా తీయించే మనిషి కాదు. ‘తీసెయ్యమంటావా అమ్మా?’ అని అడిగారు. అడిగే వేళకి వెంకీ పని ముగించి సంచీ సర్దుకుంటున్నాడు. అర్చన సరేనంది.

మర్నాటి నుంచి తెర మీద ఆ రెండు పేర్ల మెనూ రావడం మొదలైంది. అర్చన చూసి, ఇది నిమిషం పని అంది. ఎమ్మెస్‌కాన్‌ఫిగ్ అని కొట్టి, బూట్ అన్న చోటికి వెళ్లి, ఉబుంటు పేరు మీద నొక్కి డిలీట్ అంటే పీడ వదులుతుందట. ఆయన ససేమిరా వద్దన్నారు.

కారణం వ్యాపార రహస్యం. బట్టల కొట్లో పుట్టి పెరిగినవారికి తప్ప తెలియదు. బేరానికి, అంటే కొట్లోకి వచ్చినవాళ్లకి, ఒక్క చీర చూపించకూడదు. ఒక్కటే చూపిస్తే, ‘ఇంకో కొట్లో చూసొస్తాం’ అని లేచిపోతారు. రెండు పరిచారా, ఏది బాగుందా అని కూర్చుంటారు. అంటే కొనాలా వద్దా అన్న ప్రశ్న అప్పటికే మాయమైపోయిందన్నమాట!

ఆ రెండోది ఎలాంటిదై ఉండాలన్నదే అసలు విద్య. నగరేశ్వరరావుగారి కొట్లో ఆవపిండి రంగు మీద చిలకపచ్చ అంచున్న చీర ఒకటుంది. అది అమ్ముడుపోయే చీర కాదు, అమ్మి పెట్టే చీర. దాన్ని చూశాక పక్కనున్నది ఏదైనా కళ్లకి చల్లగా ఉంటుంది. ఒక్కోసారి వేరే ఎవరికో అమ్మేసి పక్కన పెట్టిన చీరని కూడా పరుస్తారాయన. పొరపాటున అదే కావాలంటే, ‘అయ్యో, ఇప్పుడే ఇచ్చేశాం’ అనొచ్చు.

అందుకే ఆ మెనూని చూస్తే ఆయనకి ముచ్చటేసింది. తమ కులవిద్య ఎవరో చెప్పకుండానే నేర్చుకున్న యంత్రం అది. ‘దానికున్న బుద్ధి మనుషులకి లేదు, ఉండనీ’ అన్నారు. రోజూ ఆ ముప్పై సెకన్లూ చేతులు కట్టుకుని దాని ముందు నిలబడేవారు.

ఆయన ఇంట్లో కూడా అంతే. సంచీలో వంకాయలు తెచ్చి, గుమ్మంలోనే నిలబడి, ‘వంకాయా, బీరకాయా? ఏటి వండుతావు?’ అని భార్య కమలాదేవిని అడుగుతారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఒకసారి బీరకాయ అన్నదట. ఆ రోజు కూడా వంకాయే తిన్నారు. తరవాత ఆవిడ సంచీ వైపు చూసి జవాబు చెప్పడం అలవాటు చేసుకుంది.

ఇలా అందరి ఇష్టాలూ కనుక్కుంటూ కాలక్షేపం చేస్తుండగా, అర్చనకి విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది.

ఆ పిల్ల ఎగిరి గంతెయ్యలేదు గానీ, ఆ వారమంతా బిల్లులు కొడుతూ తనలో తను నవ్వుకుంది. చదివిన చదువుకి తగ్గ పని దొరికిందని ఆమె సంతోషం. నగరేశ్వరరావుగారికి మాత్రం గుండెలో రాయి పడింది. ఏ చీర ఏ అరలో ఉందో, ఏ పండక్కి ఏ రంగు అడుగుతారో అర్చనకే తెలుసు. అంతకన్నా, సాయంత్రం కొట్టు కట్టేసి ఇద్దరూ బండి మీద ఇంటికి వెళ్లేటప్పుడు వెనక నుంచి ఆ పిల్ల చెప్పే కబుర్లు లేకపోతే ఆయనకి దారి సాగదు. ఆ సంగతి పైకి చెప్పుకోవడం చేతకాని మనిషి.

అలాంటప్పుడు కంపెనీవాళ్లు, ఎప్పుడొచ్చి చేరుతుందని అర్చన రాసిచ్చిన కొట్టు నంబరుకి ఫోన్ చేశారు. అర్చన భోజనానికి వెళ్లింది. ‘మా అమ్మాయి రాదండి’ అని చెప్పి పెట్టేశారాయన. వెంకీ సంచీ సర్దేసినట్టే అయింది.

ఇక అడగడం మిగిలింది. అడగడంలో ఆయన ఏనాడూ లోటు చెయ్యలేదు. ఆదివారం నాడు కోటబొమ్మాళి నుంచి బావమరిది నరసింగరావుని పిలిపించారు. పెద్దమనిషి సమక్షంలో అడిగితేనే ఆడపిల్లకి గౌరవం కదా? అందరినీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని అడిగారు.

“సూడమ్మా. ఉజ్జోగమా, షాపా? బలవంతం ఏటీ లేదు. నీ ఇష్టం ఏటో అదే మా ఇష్టం.”

అని గోడ గడియారం వైపు చూశారు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఊరికే అనలేదు. మన ఇళ్లల్లో ఆడపిల్లని ఏదడిగినా కాసేపు ఆగడం ఉంది. ఆ కాసేపట్లో పిల్ల నోరు విప్పకపోతే పెద్దలు అనుకున్నది దానంతటదే మొదలవుతుంది. విండోస్ చేసినవాళ్లు ఇటుపక్క ఏ పెళ్లిచూపులకో వచ్చి నేర్చుకుని వెళ్లారేమోనని నా అనుమానం.

నరసింగరావు, ‘అయితే షాపే కదా’ అంటూ కాఫీ గ్లాసు అందుకోబోయాడు.

“విశాఖపట్నం” అంది అర్చన.

నగరేశ్వరరావుగారు తొణకలేదు. తొందరేం లేదు, ఆలోచించుకోమన్నారు. కాసేపాగి, పోనీ ఆ ఉద్యోగం ఇంకా ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్నారు. ఆవపిండి రంగు చీర ముట్టుకున్న బేరాన్ని ఎలా మళ్లించాలో ఆయనకి కొత్త కాదు.

“నిన్ననే చేశాను నాన్నా. నేను రానని నువ్వే చెప్పావంట.”

అర్చన గొంతు పెంచలేదు గానీ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

“వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు కదా. దెబ్బలాడుకుందుం. ఉద్యోగం లేకుండా నువ్వే చేసేసి, నలుగుర్లోనూ అది ఉన్నట్టు అడిగావు. ఆదివారం అడుగుతానంటే, ఫోన్ చేసేదాకా నిజంగానే అడుగుతావనుకున్నాను. వారం రోజులు ఆలోచించుకున్నాను.”

“అడిగేను కదమ్మా” అన్నారాయన. “అడక్కుండా ఏటైనా సేసేనా?”

న్యాయమైన ప్రశ్నే! దానికి జవాబు ఎవరూ ఊహించని మూల నుంచి వచ్చింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ కమలాదేవి, “వంకాయలంటే తినేసేను. పిల్ల వంకాయ కాదు” అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

కంపెనీవాళ్లు అర్చనని సోమవారం వచ్చి మళ్లీ మాట్లాడమన్నారట. ఇస్తారో ఇవ్వరో తెలియదట. ఆ మాట చెప్పి, “రేపు పొద్దున్న బస్సుకి వెళ్తన్నాను. అడగట్లేదు నాన్నా, చెప్తన్నాను” అంది.

పాఠకులారా, మెనూ గొప్పతనాన్ని ఇంతసేపు వాదించింది ఊరికే కాదు. ఆ కంప్యూటర్ మీద నాకు నిజంగానే గౌరవం. ఉబుంటు పోయిందని దానికి తెలియదు. తెలియకే చూపిస్తుంది. నొక్కితే, లేదని నిజం ఒప్పుకుంటుంది, ఏ ఫైలు పోయిందో కూడా చెబుతుంది. దాని మెనూ తీసెయ్యడానికి నిమిషం చాలు. లేదని తెలిసి, తామే తీసేసి, పైగా నీ ఇష్టం అనేవాళ్ల మెనూ ఎక్కడ నొక్కితే పోతుందో ఏ కాలేజీలోనూ చెప్పడం లేదు.

సోమవారం పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్సుకి నగరేశ్వరరావుగారు కూడా వచ్చారు. ఎవరూ రమ్మనలేదు. ముందు రోజు నుంచీ మాట్లాడని మనిషి, కూతురి బ్యాగు మాత్రం తన చేతిలోకి తీసుకున్నారు. విశాఖ బస్సు వస్తూనే జనం మీద పడ్డారు. ఆయన నలుగురినీ తోసుకుని ముందుకి వెళ్లి, కిటికీలోంచి భుజం మీది తువ్వాలు ఒక సీట్లోకి విసిరారు. శ్రీకాకుళంలో బస్సెక్కేవాళ్లకి అంతకన్నా గట్టి రిజర్వేషన్ లేదు.

తరవాత ఎలాగో ఎక్కి, బ్యాగు పైన పెట్టి, ఇద్దరు కూర్చునే ఆ సీటు పక్కన నిలబడి కూతురిని అడిగారు.

“కిటికీ పక్కన కూర్సుంటావా, ఇటు కూర్సుంటావా?”

అర్చన కిటికీ పక్కన పడి ఉన్న తువ్వాలు వైపు చూసింది. ఆయన కూడా అటు చూశారు. ఏం చూస్తోందో అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

వంగి, తువ్వాలు తీసి భుజాన వేసుకుని, మళ్లీ అడిగారు.