మొగిలయ్య లేతుకు సిగ్మా పట్టింది

సిగ్మా లేని ఫ్యాక్టరీ ఒక ఫ్యాక్టరీయేనా? ఈ మాట ఒప్పుకోని వారు ఇక్కడే దిగిపోవచ్చు. మిగతా పాఠకులతో కలిసి మనం నాచారం పారిశ్రామికవాడ దాకా వెళ్దాం.

గ్రీకు అక్షరాలంటే మనకు మొదట్నుంచీ పడదు. వృత్తాల లెక్కల్లో 'పై' మనల్ని బెంచీ ఎక్కించింది. తీటా లెక్కల మీద విరక్తి పుట్టించింది. ఆల్ఫా, ఒమేగాలు ఉప్పల్‌లో ట్యూషన్ సెంటర్ల బోర్డులెక్కి ఎండకు వెలిసిపోతున్నాయి. స్వయంకృషితో పైకొచ్చింది సిగ్మా ఒక్కటే! సున్నాకు తోక తగిలించినట్టుండే ఆ అక్షరం 2007లో నాచారంలో పంపు షాఫ్టులు చేసే ఒక కంపెనీలో కుడికాలు పెట్టింది.

దాన్ని వెంటబెట్టుకొచ్చింది కన్సల్టెంట్ ధనశ్రీ మేడమ్. పది లక్షల షాఫ్టులు చేస్తే తప్పులు మూడున్నర మించకూడదని, దాన్నే సిక్స్ సిగ్మా అంటారని ఆవిడ చెప్పారు. ఆ అర తప్పు ఎలా చేయాలో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అంతకుముందు ఆ కంపెనీ ఎంత అనాగరికంగా ఉండేదనుకున్నారు! షాఫ్టు చెడితే, వాటిని చెక్కే లేతు మిషన్ నడిపే మొగిలయ్యను పిలిచి ఎందుకు చెడిందని అడిగేవారు. ఇరవై ఏళ్లుగా అదే లేతు మీద నిలబడ్డ మనిషి. చప్పుడు విని మిషన్ రోగం చెప్పగలడు.

"బేరింగ్ అరిగింది సార్. గదొక్కటి మారిస్తే షాఫ్టు సక్కగొస్తది" అని ఎనిమిది నెలలుగా ఒకటే పాట. ఇంత సులువుగా అర్థమయ్యే మాటల మీద ఒక పరిశ్రమ ఎన్నాళ్లు నిలబడుతుంది చెప్పండి?

సిగ్మా వచ్చాక పద్ధతి మారింది. గోడ నిండా చేపముల్లు బొమ్మ గీశారు. ఒక్కో ముల్లు మీద ఒక్కో కారణం. మొగిలయ్య రోజుకెన్ని చాయ్‌లు తాగుతాడు, ఏ కాలు మీద బరువేసి నిలబడతాడు, అరచేతికి చెమట ఎన్ని గంటలకు పడుతుంది, అన్నీ రాశారు. బేరింగ్‌కు మాత్రం ముల్లు దొరకలేదు.

"పరిష్కారం ముందే చెప్పేస్తే ఎలాగండీ? ముందు ప్రాబ్లమ్ డిఫైన్ చెయ్యాలి కదా!" అన్నారు మేడమ్.

మేనేజర్ రామకృష్ణ ఇంకా సూటిగా చెప్పాడు. "దసరాలోపు తప్పుల గ్రాఫు దిగకపోతే నిన్ను ప్యాకింగ్‌లో వేస్తానయ్యా మొగిలయ్యా." ఇరవై ఏళ్లు ఇనుమును అద్దంలా తీర్చిన చేతులతో అట్టపెట్టెలకు టేపు అంటించాలట! ఆ రోజు మొగిలయ్య అన్నం డబ్బా తెరవలేదు.

అప్పుడు జరిగింది అద్భుతం. శ్రావణమాసంలో బేరింగ్ పూర్తిగా పట్టేసి లేతు ఆగిపోయింది. మర్నాడు గ్రాఫులో తప్పులు సున్నా! వారమంతా సున్నా! నెలంతా సున్నా! ధనశ్రీ మేడమ్ కళ్లు చెమర్చాయి. మొగిలయ్యకు శాలువా కప్పి ఫొటో తీశారు.

"మేడమ్, మిషన్ బందయిందమ్మా" అన్నాడు మొగిలయ్య, శాలువాలోంచి.

"అది ప్రొడక్షన్ వాళ్ల విషయమండీ. నేను క్వాలిటీ చూస్తాను."

మేనేజర్ దగ్గరికి వెళ్తే, "ఇంత పర్ఫెక్టుగా ఉన్న మిషన్ని కెలుకుతానంటావేమిటయ్యా?" అని కసిరాడు.

ఆయనన్న దాంట్లో తప్పేముంది? అసలు రాని బస్సు ఏనాడైనా లేటుగా వచ్చిందా? చుక్క రాలని నల్లాలో మురికినీళ్లు వచ్చాయని ఎవరైనా ఫిర్యాదు చేశారా? వండని కూరలో ఉప్పెక్కువైందని ఏ మొగుడైనా నోరెత్తాడా? మనకు తెలియకుండానే మన బతుకుల్లో సగం సిక్స్ సిగ్మా దాటేశాయి.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మిషన్లన్నింటికీ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసి, ఎవరి మిషన్‌ను వాళ్లు ఒకసారి నడపడం అక్కడి ఆనవాయితీ. మొగిలయ్య వంతు వచ్చింది. బటన్ నొక్కాడు. మోటారు మూలిగింది తప్ప లేతు తిరగలేదు. పక్కవాళ్లు తలలు తిప్పుకున్నారు.

"పూజ జేసిన మిషన్ తిరగకపాయెనే. ఇరవై ఏండ్లల్ల గిట్ల ఎన్నడన్న అయిందా?" అని ఇంటికెళ్లి భార్య లక్ష్మీనర్సమ్మ ముందు కంటతడి పెట్టుకున్నాడు.

"నీ బేరింగ్ నువ్వే ఏస్కోరాదా? ఎవలనడుగుతవ్?" అందామె.

మల్లాపూర్‌లో వర్క్‌షాప్ నడిపే బావమరిది తిరుపతి దగ్గర బేరింగ్ తెచ్చి, సెలవు రోజున వాచ్‌మన్‌ను ఒప్పించి లోపలికెళ్లి ఇద్దరూ కలిసి బిగించారు. సోమవారం పొద్దున లేతు తిరిగింది. ఆ చప్పుడు విని రోగం పోయిందని తేల్చుకున్నాడు మొగిలయ్య. సాయంత్రానికి వంద షాఫ్టులు చేశాడు. తొంభై తొమ్మిదింటికి వంక పెట్టడానికి లేదు. ఒకటి మాత్రం వెంట్రుకవాసి తప్పింది.

కంపెనీలో గగ్గోలు! రెండు నెలలుగా నిద్రపోతున్న గ్రాఫు లేచి కూర్చుంది. మర్నాడే మెమో వచ్చింది: "సున్నాగా ఉన్న తప్పులను ఒకటికి పెంచినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో రాతపూర్వకంగా తెలపగలరు." తొంభై తొమ్మిది షాఫ్టుల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

మొగిలయ్య నూనె చేతులు తుడుచుకుని, మెమో కిందే రాసిచ్చాడు.

"నడిపిన గన్క ఒక తప్పయింది సార్. ఆపమంటరా?"