మా పెరటి నీళ్ళకు నాడి చూస్తున్నారు

మీ వీధిలో భూగర్భజలం ఇంకా కలుషితం కాలేదా? అయ్యో పాపం! మరి మిమ్మల్ని పలకరించడానికి ఎవరొస్తారండీ?

మా వీధి చివర రంగుల ఫ్యాక్టరీ ఉంది. అందులోంచి ఏదో భూమిలోకి దిగిందని అనుమానం. ఆ అనుమానం పుణ్యమా అని మా పెరట్లో లోతుగా ఒక గొట్టం దించి, ఇనపమూత పెట్టి, తాళం వేశారు. తాళం వేసి కాపాడదగ్గ వస్తువు నా ఇంట్లో ఉందని నాకప్పటిదాకా తెలియదు!

నెలనెలా ఇద్దరు వస్తారు. నమూనాలు తీసే అమ్మాయి, పంపు మోసే పెద్దాయన. మా ఆవిడ పోయాక ఇంత ఠంచనుగా నా గుమ్మం తొక్కుతున్నది వీళ్ళే.

వాళ్ళ మర్యాద చూడాలి! ముందు గొట్టంలోకి ఒక టేపు వదులుతారు. నీళ్ళు తగలగానే అది కుయ్యిమంటుంది. తర్వాత, నిలవ నీళ్ళన్నీ తోడి డ్రమ్ములో పోస్తారు. కొత్తనీళ్ళు ఊరాక వాటి వేడి, పులుపు, ఉప్పదనం మీటరులో చూస్తూ, అంకెలు కుదురుకునేదాకా ఓపిగ్గా కూర్చుంటారు. నా డాక్టరు నా మాట పూర్తికాకముందే మందు రాసి పంపేస్తాడు. మా నీళ్ళకున్న అదృష్టం నాకెక్కడిది!

ఇక మన్ను భోగం చెప్పనే అక్కర్లేదు. పొడుగాటి బర్మా తిప్పి, అడుగు మన్ను పైకి లాగి, సీసాల్లో పెట్టి, ఐసుపెట్టెలో పడుకోబెట్టి తీసుకెళ్తారు. మండుటెండలో మా మన్ను ఐసు మీద ఊరేగుతుంటే, నేను చెమటలు కక్కుతూ చెయ్యూపుతాను.

ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరుకి ఒళ్ళు మండిపోయింది.

"మీ ఇంట్లోనే ఎందుకేశారండీ గొట్టం? మా నీళ్ళు మీ నీళ్ళకేం తీసిపోయాయని?"

"కాస్త ఓపిక పట్టండి మాస్టారూ, మీ వైపే పాకుతోందట!" అన్నాను. ఆయన ముఖం ఎంత వెలిగిందో!

ఫలితాలంటారా? ఎప్పుడడిగినా "రిపోర్టు రావాలి అంకుల్" అంటుంది అమ్మాయి. మంచిదే కదా! రిపోర్టు వచ్చేస్తే వీళ్ళు రావడం మానేయరూ?

ఈ సుఖం అర్థంకాని మనిషి ఒక్కతే ఉంది. మేడమీద అద్దెకుంటున్న చంటిపిల్ల తల్లి. మొన్న వీళ్ళు పనిలో ఉండగా కంగారుగా దిగొచ్చింది. పిల్లకు జ్వరం. మందు పొడిని శుభ్రమైన నీళ్ళలో కలపాలి. ఆ వేళ నీళ్ళ క్యాన్ల బండి రాలేదు.

"బాబాయిగారూ, మన బోరునీళ్ళు కాచి కలిపితే ఫర్వాలేదేమో, కాస్త వీళ్ళనడగండి."

నమూనాల అమ్మాయి తల దించుకుంది. "రిపోర్టు రాకుండా నేనేం చెప్పకూడదక్కా."

అంతలో ఐసుపెట్టెలో ముద్ర వేసిన సీసా ఒకటి ఆ తల్లి కంటపడింది. "అదేంటమ్మా?"

"ల్యాబులో నింపిన స్వచ్ఛమైన నీళ్ళక్కా. మాతోపాటు అన్ని ఇళ్ళూ తిరిగి, మూత తీయకుండానే ల్యాబుకెళ్ళిపోతాయి. దార్లో ఏమైనా కలిసిందేమో చూసుకోడానికి."

"రెండు చెంచాలు ఇద్దూ, పుణ్యముంటుంది!"

"అయ్యో, అవి తాగడానికి కాదక్కా, పోల్చడానికి!"

చూశారా మా వైభవం? మా వీధిలోకి నెలనెలా స్వచ్ఛమైన నీళ్ళు ఐసుపెట్టెలో వేంచేస్తాయి. మా నీళ్ళెలా ఉన్నాయో చూసి, అలాగే వెళ్ళిపోతాయి!

మేడమీద పిల్ల ఏడుపందుకుంది. పంపు పెద్దాయన తన సంచిలోంచి ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"మొత్తం ఉంచుకో తల్లీ. పిల్లకి వీటిలోనే కలుపు."

ఆవిడ మేడమెట్లు పరుగున ఎక్కింది. ఎండలో అంత బరువు మోసే మనిషి ఇక సాయంత్రందాకా ఏం తాగుతాడు?

"మా బోరునీళ్ళు చెంబెడు తెమ్మంటారా?" అనడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"వద్దులెండి బాబుగారూ," అన్నాడు పెద్దాయన, పెదాలు తడుపుకుంటూ.

రిపోర్టు వచ్చేసిందండీ. సంతకమొక్కటే తక్కువ!